బెంగళూరులో నాస్తికుల బృందం పెట్టాలనుకునే తెలుగువారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, కె.ఆర్.పురం చుట్టుపక్కల ఉండే కొందరు తెలుగువాళ్లం ఆరేళ్లుగా నెలకు రెండుసార్లు కలుసుకుంటున్నాం. మొదట్లో మమ్మల్ని కలిపింది దేవుడి మీద నమ్మకం లేకపోవడం ఒక్కటే. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి, యలహంక నుంచి, ఇంకా దూరం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. "మా వైపు కూడా ఇలాంటిది పెట్టుకోవాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చిన జవాబులనే ఇక్కడ రాస్తున్నాను. చట్టానికి సంబంధించిన సంగతులు చదివీ, మా బృందంలోని న్యాయవాదిని అడిగీ తెలుసుకున్నవి. మీ సొంత వ్యవహారం వరకు వస్తే మాత్రం ఒక న్యాయవాదిని కలవండి.

దేవుడు లేడని అనుకోవడానికి ఒక బృందం ఎందుకు?

అనుకోవడానికి అక్కర్లేదు. ఆ అనుకున్నదాని ప్రకారం బతకడానికి మాత్రం నలుగురు కావాలి.

మన ఊళ్లలో గుడీ, చర్చీ, మసీదూ దేవుడి గురించి చెప్పి ఊరుకోవు. బిడ్డ పుడితే చూడటానికి వచ్చేదీ, పెళ్లికి చేయి వేసేదీ, ఇంట్లో శవం ఉంటే రాత్రంతా కూర్చునేదీ వాటి చుట్టూ అల్లుకున్న మనుషులే. నమ్మకం పోయినవాడికి దేవుడితో పాటు ఈ మనుషులు కూడా కొంత దూరమవుతారు. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఆ దూరం మరీ ఎక్కువ. బంధువులు ఐదారు వందల కిలోమీటర్ల అవతల ఉంటారు. పక్క ఫ్లాటులో ఉన్నవాళ్ల పేరు కూడా తెలియదు.

గోరాగా మనందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టినప్పుడు చేసిన పనుల్లో ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లనూ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టేవారు. 1947లో కేంద్రం విజయవాడకు మారింది. 1972లో అక్కడే మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ జరిగింది. అంత దూరం వెళ్లిన ఉద్యమం ఒక పల్లెటూరి పంక్తిలో విస్తరి వేసుకుని మొదలైంది. మన బృందాలు కూడా ఆ పంక్తి నుంచే మొదలుకావాలని నా కోరిక.

ఇద్దరమే ఉన్నాం. మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు. మేము ముగ్గురం. కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర ఒక బల్ల మీద కూర్చున్నాం. రెండోసారి నేనొక్కణ్ణే వెళ్లి, గంటసేపు పుస్తకం చదువుకుని వచ్చాను. మూడోసారి ఇద్దరం. నాలుగోసారి వచ్చిన ఒక కుర్రవాడు, మొదటి రోజే వచ్చి పొదల అవతల నిలబడి మమ్మల్ని చూసి వెనక్కి వెళ్లిపోయానని చెప్పాడు. రెండోసారి వచ్చి చూస్తే నేనొక్కణ్ణే ఉన్నానట, పలకరించడానికి ధైర్యం చాలలేదట. ఆ రోజు నేను ఎవరూ రారులే అని ఇంట్లోనే ఉండిపోయి ఉంటే అతను నాలుగోసారి వచ్చేవాడు కాదు. ఇప్పుడు మా సమావేశాల ఏర్పాట్లన్నీ చూసేది అతనే.

అందుకే తేదీ, సమయం, చోటు మార్చకండి. మాకు నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం. ఎంతమంది వస్తారో లెక్క పెట్టుకోకుండా ఏడాదిపాటు తేదీ తప్పకుండా వెళ్లండి.

పేరు ఏం పెట్టాలి? నాస్తిక అంటే జనం భయపడరా?

నాస్తికుడు దేవుడు లేడంటాడు. హేతువాది ఏదైనా రుజువు అడిగి ఒప్పుకుంటాడు. మానవవాది మనిషి మేలునే కొలతగా పెట్టుకుంటాడు. చాలామందిలో ఈ మూడూ కలిసే ఉంటాయి. పేరు దగ్గర మేము రెండు సమావేశాలు ఖర్చుపెట్టాం, అంత అవసరం లేదు. గోరాకు కాకినాడలో 1933లో, మచిలీపట్నంలో 1939లో కళాశాల ఉద్యోగాలు పోయాయి, కారణం ఆయన నాస్తికత్వమే. అయినా ఆయన ఆ మాటను దాచలేదు. ఆ గౌరవంతోనే మేము నాస్తిక అనే మాటను ఉంచుకున్నాం. ఆహ్వానంలో మాత్రం "దేవుడు, మతం ప్రమేయం లేకుండా బతకాలనుకునే తెలుగువారి కలయిక" అని రాస్తాం. అది చదివి వచ్చినవాళ్లే ఎక్కువ.

బెంగళూరులో ఉంటూ తెలుగువాళ్లకు వేరే బృందం ఎందుకు? కన్నడిగులతో కలవవచ్చు కదా?

కలవాలి కూడా. ఈ నగరానికి ఈ విషయంలో గొప్ప వారసత్వం ఉంది. గౌరీబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య బసవనగుడి నేషనల్ కాలేజీలో పాఠాలు చెప్పి, 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించారు. బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్నప్పుడు, 1976లో, మహిమలను, మూఢనమ్మకాలను పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. పరీక్షకు అనువైన పరిస్థితుల్లో మీ మహిమలు చూపించండని సత్యసాయిబాబాకు ఉత్తరాలు రాశారు. ఆ పరీక్ష జరగలేదు. పుట్టపర్తి మన తెలుగు నేల మీద ఉంది. దాన్ని అడగవలసిన ప్రశ్న బెంగళూరు నుంచి వచ్చింది. ఆ రుణం మనకు ఉందని నేను అనుకుంటాను. కన్నడ హేతువాదుల సభలకు వెళ్లండి, కన్నడం నేర్చుకోండి, మీ ప్రకటన తెలుగుతో పాటు కన్నడంలో కూడా వేయండి.

అయినా తెలుగు బృందం ఎందుకంటే, తల్లి చనిపోయిన సంగతి చెప్పుకోవడానికి తల్లి మాట్లాడిన భాష కావాలి. పెద్దకర్మ చేయనన్నందుకు మేనమామ ఏమన్నాడో ఇంగ్లీషులో చెబితే సమాచారం అందుతుంది. ఆ మాట గుచ్చుకున్న చోటు అవతలివాళ్లకు తెలియదు.

ఎక్కడ కలవాలి?

మెట్రో దిగి నడిచి వెళ్లగలిగే చోటు. కబ్బన్ పార్కు పేరుతోనే పర్పుల్ లైనులో స్టేషన్ ఉంది. వైట్‌ఫీల్డ్ వాళ్లకూ కెంగేరి వాళ్లకూ ఒకే రైలు. వానాకాలానికి ఎవరి ఇంట్లోనైనా ఏర్పాటు ఉంచుకోండి. అయితే ఆ ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్లతో మాట్లాడండి. పూజగది పక్క హాలులో కూర్చుని దేవుడు లేడని మాట్లాడితే ఆ పెద్దావిడ తన ఇంట్లోనే పరాయిదైపోతుంది.

మొదటి సమావేశంలో ఏం మాట్లాడుకోవాలి?

దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదనతో మొదలుపెట్టకండి. వచ్చినవాళ్లకు దాని మీద ముందే ఒక అభిప్రాయం ఉంది, అందుకే వచ్చారు. "మీకు నమ్మకం ఎప్పుడు, ఎలా సడలింది?" అని ఒక్కొక్కరినీ అడగండి. మా మొదటి ఏడాదిలో విన్నవి నాకు ఇంకా గుర్తున్నాయి. ఒకరు పాస్టరుగారి కొడుకు. చెల్లెలి జ్వరానికి మందులు మాన్పించి ఉపవాస ప్రార్థన పెట్టిన వారం గురించి చెప్పారు. ఒకామె పన్నెండేళ్ల వయసులో దీపావళి రోజు మూడు గదుల ఇంట్లో వెనక వరండాలో చాప మీద కూర్చుని, లోపల తమ్ముడు పూజ చేస్తుంటే విన్న గంట చప్పుడు గురించి చెప్పారు. ఆమె మాట్లాడాక చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

ఒక జాగ్రత్త. ప్రతి బృందంలోనూ ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి ఒకరు ఉంటారు. మనిషికి ఐదు నిమిషాలని ముందే చెప్పండి. మేము ఒక చేతిగడియారాన్ని చేతులు మారుస్తాం. అది ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి. రెండు గంటలకు ఆపేసి టీకి వెళ్లండి. అసలు స్నేహాలు టీ దగ్గరే కుదురుతాయి.

ఇంట్లో తెలియకుండా రావచ్చా?

రావచ్చు. మాలో సగం మంది ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎప్పుడు, ఎవరికి, ఎంతవరకు చెప్పాలన్నది ఎవరి నిర్ణయం వారిది. ధైర్యం లేదని వాళ్లను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

ఈ విషయంలో మేము ఒక తప్పు చేశాం. రెండో ఏట ఒక సమావేశం ఫొటోను ఎవరో నలుగురికి పంపారు. అది తిరిగి తిరిగి ఒక సభ్యుడి మామగారి ఫోనుకు చేరింది. ఆయన అయ్యప్ప మాల వేసుకుని ఉన్నారు. మూడు నెలల పాటు ఆ ఇంట్లో భార్యాభర్తలకు మాటలు లేవు. మేము వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాం. అప్పటి నుంచి అందరూ ఒప్పుకుంటే తప్ప ఫొటో లేదు. వాట్సాప్ గ్రూపు పేరు కూడా ఎవరి కంటా పడనంత మామూలుగా ఉంటుంది. కొత్తవాళ్ల నంబరును ముఖాముఖి కలిశాకే అందులో చేరుస్తాం.

ఆడవాళ్లు రావడం లేదు. ఏం చేయాలి?

మీ సమావేశం ఏ సమయానికి పెట్టారో చూడండి. మేము మొదట ఆదివారం ఉదయం పదకొండుకు పెట్టాం. ఆ వేళకు ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారని ఒకామె అడిగితే గానీ మాకు తట్టలేదు. శనివారం సాయంత్రం నాలుగుకు మార్చి, పిల్లలను తీసుకురమ్మని, వాళ్లను ఆడించే వంతు మగవాళ్లకు వేశాక ఆడవాళ్ల సంఖ్య పెరిగింది.

అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మగవాడు పూజకు కూర్చోకపోతే వాడి తీరు అంతే అని వదిలేస్తారు. కోడలు దీపం పెట్టకపోతే ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ జ్వరం ఆమె మీదికే వస్తుంది. గర్భవతిగా ఉండి గ్రహణం వేళ బయటికి వచ్చి నిలబడిన గోరా భార్య సరస్వతి గోరా ఎంత ధైర్యం చేసిందో ఆలోచించండి. ఆ బిడ్డకు ఏ చిన్న లోపమున్నా నింద మోయవలసింది ఆమె ఒక్కతే.

కాబట్టి మా బృందంలోని ఒకామె శ్రావణ శుక్రవారం పక్కింటి వరలక్ష్మీ వ్రతానికి వెళ్లి, వాయినంగా ఇచ్చిన శనగలు తీసుకుని, ఆ మర్నాడు మా సమావేశానికి వస్తే ఎవరూ ఆమెను నిలదీయరు. ఆ పక్కింటావిడే ఆమెకు ఆ అంతస్తులో ఉన్న ఒక్క స్నేహితురాలు.

నాస్తికుల బృందంలో కులం గొడవ ఎందుకు వస్తుంది?

దేవుణ్ణి వదిలినవాళ్లందరూ కులాన్ని వదలరు కాబట్టి. ఇది రాయడానికి నాకు బాధగా ఉంది, అయినా రాయాలి.

బెంగళూరులో తెలుగువాళ్లు కలిసే సందర్భాలు చూడండి. కార్తీకమాసం వస్తే నగరం శివార్ల తోటల్లో వనభోజనాలు జరుగుతాయి. చాలావాటికి పిలుపు కులం పేరుతోనే వస్తుంది. ఆ అలవాటుతోనే మన దగ్గరికీ వస్తారు. నేరుగా అడగరు. "మీ ఇంటిపేరు?" అంటారు. "ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అంటారు. జవాబు విన్నాక గొంతులో చిన్న మార్పు వస్తుంది. ఆ మార్పు వినడానికి అలవాటుపడినవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది.

మా మొదటి ఏడాదిలో ఒక దళిత మిత్రుడు క్రమం తప్పకుండా వచ్చేవారు. పదకొండు నెలల తర్వాత మానేశారు. ఇంటికి వెళ్లి కారణం అడిగితే, "మీరు దేవుణ్ణి మాత్రమే వదిలారు" అన్నారు. రిజర్వేషన్ల మీద జరిగిన ఒక చర్చలో ముగ్గురు వరుసగా ప్రతిభ గురించి మాట్లాడుతుంటే, ఆయన వైపు ఎవరూ చూడలేదని, నేను కూడా చూడలేదని గుర్తుచేశారు. నిజమే, నేను చూడలేదు. ఆయన మళ్లీ రాలేదు.

ఆ తర్వాత కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పరిచయంలో ఇంటిపేరు చెప్పం, అడగం. సమావేశం నడిపే వంతు అందరికీ తిరుగుతుంది. తిండి ప్రతిసారీ వేరొకరి ఇంటి నుంచి వస్తుంది, శాకాహారం మాత్రమే అన్న నియమం లేదు. వనభోజనాలు మేమూ చేస్తాం, కార్తీకంలోనే చేస్తాం. అందులో ఒకరి టిఫిన్ డబ్బాలోంచి మరొకరు తింటారు. సంబంధాలు చూసేటప్పుడు కులం అడిగేవాళ్లకు మా బృందం ద్వారా సాయం చేయం. ఈ చివరి దాని మీద ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాం.

నమ్మకం ఉన్నవాళ్లు రావచ్చా?

వినడానికి వస్తే రావచ్చు. మా వాళ్లను మార్చడానికి వస్తే ఒకసారి చెప్పి చూస్తాం, రెండోసారి రావద్దంటాం. మనం కూడా వాళ్ల ఇళ్లకు వెళ్లి మార్చే పని పెట్టుకోకూడదు.

మతాన్ని విమర్శిస్తే కేసు పెడతారా? ప్రమాదం ఏమైనా ఉందా?

రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చేది అంతరాత్మ స్వేచ్ఛ. నమ్మకపోవడం కూడా అందులోనే ఉంది. 19వ అధికరణం శాంతియుతంగా సమావేశం కావడానికీ, సంఘం పెట్టుకోవడానికీ హక్కు ఇస్తుంది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని 51ఎ అధికరణంలో రాసి ఉంది. అది 1976లో 42వ సవరణతో వచ్చింది.

మరోవైపు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ ఉంది. 2024 జూలై 1కి ముందు ఇది శిక్షాస్మృతిలో 295ఎ. మత భావాలను గాయపరచాలని ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తే మూడేళ్ల వరకు జైలు. ప్రతి విమర్శా ఇందులోకి రాదనీ, తీవ్రమైన, కావాలని చేసిన అవమానానికే ఇది వర్తిస్తుందనీ 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కేసు చివరికి కొట్టివేస్తారన్న భరోసా పోలీసు స్టేషనులో కూర్చున్న రాత్రి పనికిరాదు. భావాన్ని విమర్శించండి, భక్తులను ఎగతాళి చేయకండి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలను ముందుకు పంపకండి. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ణి. భక్తుల్లో మన అమ్మలు ఉన్నారు.

ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. పుణెలో 2013లో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌నూ, ధార్వాడలో 2015లో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గినీ, మన నగరంలోనే 2017 సెప్టెంబర్ 5న పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌నూ కాల్చి చంపారు. పార్కులో పదిహేను మంది కలిసి టీ తాగే బృందానికి ఆ స్థాయి ప్రమాదం ఉండదు. అయినా బెదిరింపు వస్తే దాన్ని ఒక్కరే దాచుకోకుండా వెంటనే బృందానికి చెప్పాలి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వేదిక మీద పేరు చెప్పి మాట్లాడాలా వద్దా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

బాబాల మహిమలు బయటపెట్టే ప్రదర్శనలు చేయవచ్చా?

చేయవచ్చు, కానీ మొదటి ఏడాది వద్దు. నిప్పుల మీద నడక విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఎన్నోసార్లు చేసి చూపించారు. బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పాదం నిప్పును తాకి ఉండేది క్షణకాలమే, అందుకే కాలదు. ఈ కారణం తెలిసినంత మాత్రాన మీరు నడవగలరని కాదు. నేర్చినవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. కర్ణాటకలో అమానవీయ దురాచారాలను, చేతబడిని నిషేధించే 2017 నాటి చట్టం 2020 నుంచి అమల్లో ఉంది. ఎవరినైనా దెయ్యం వదిలిస్తామని కొడుతుంటే వీడియో తీసి పంచుకోవడం కంటే ఆ చట్టం కింద ఫిర్యాదు ఇవ్వడం మేలు.

రిజిస్ట్రేషన్ కావాలా? డబ్బు ఎలా?

కలుసుకోవడానికి అక్కర్లేదు. బ్యాంకు ఖాతా, విరాళాలు, హాలు అద్దె ఒప్పందం లాంటివి వచ్చినప్పుడు కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 కింద నమోదు చేసుకోండి. కనీసం ఏడుగురు ఉండాలి. అప్పటిదాకా ఖర్చును ఆ రోజే పంచుకోండి. విదేశాల్లో ఉన్న మిత్రులు డబ్బు పంపుతామంటే వద్దనండి. దానికి వేరే చట్టం, వేరే అనుమతి ఉన్నాయి.

కోర్టులో దేవుడి మీద ప్రమాణం చేయాలా?

అక్కర్లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు లేకుండా ధ్రువీకరణ చేయవచ్చు. అడిగితే చాలు.

పురోహితుడు, ముహూర్తం లేకుండా పెళ్లి ఎలా?

దీనికి మన భాషలో వందేళ్ల నాటి దారి ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్లివాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో వివాహవిధి రాసి, స్వయంగా పెళ్లిళ్లు జరిపించారు. కన్నడంలో కవి కువెంపు మంత్రమాంగల్య పద్ధతి ఉంది, కట్నం లేకుండా, ఆడంబరం లేకుండా ప్రమాణాలు చదువుకునే పెళ్లి. మా వాళ్ల పెళ్లిళ్లలో ఈ రెండింటి నుంచీ స్ఫూర్తి తీసుకుని సొంత ప్రమాణాలు రాసుకున్నారు.

చట్టం దగ్గర మాత్రం జాగ్రత్త. దండలు మార్చుకుని చేసుకునే ఆత్మగౌరవ వివాహానికి తమిళనాడులో 1967 నాటి సవరణ వల్ల గుర్తింపు ఉంది. అది చూసి కర్ణాటకలో కూడా సరిపోతుందనుకోకండి. హిందూ వివాహ చట్టం కింద ఆచారం ప్రకారం తంతు జరగాలి, అది లేకుండా సర్టిఫికెట్ మాత్రమే ఉంటే చాలదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద చేసుకోండి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో ముప్పై రోజులుగా ఉంటూ ఉండాలి. నోటీసు ఇచ్చాక ముప్పై రోజులు ఆగాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఆ నోటీసును కార్యాలయంలో అంటిస్తారు. ఇంట్లో ఒప్పుకోని పెళ్లయితే ఆ ముప్పై రోజులే కష్టకాలం. అప్పుడే బృందం పక్కన ఉండాలి. సాక్షుల కోసం వెతుక్కునే పరిస్థితి మా వాళ్లలో ఎవరికీ రాలేదని చెప్పగలగడం నాకు చాలా సంతోషం.

ఇంట్లో ఎవరైనా చనిపోతే?

బృందం పెట్టాలనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకు సిద్ధపడితే చాలు, మిగతావి వాటంతట అవే కుదురుకుంటాయి.

నాలుగేళ్ల క్రితం మా సభ్యుడొకరి తండ్రి ఒక ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు పోయారు. ఆయన ఉపాధ్యాయుడిగా రిటైరైన మనిషి. తన కళ్లు దానం చేయాలనీ, కర్మకాండ వద్దనీ ముందే చెప్పి ఉన్నారు. కొడుకు మొదటి ఫోను ఊరికి కాకుండా మాకు చేశాడు. మూడున్నరకల్లా నలుగురం చేరాం. ఒకరు బిల్లు, మరణ ధ్రువీకరణ చూసుకున్నారు. ఒకరు నేత్రనిధికి ఫోన్ చేశారు. ఆరు గంటల లోపే కళ్లు తీయాలి. వాళ్లు వచ్చేలోగా ఏం చేయాలో ఫోనులో చెప్పారు. ఫ్యాను ఆపేశాం. రెప్పలు మూసి తడి దూది పెట్టాం. తల కింద రెండు దిండ్లు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచాం. ఆ దూది ఆరకుండా గంటకోసారి నీళ్లు చిలకరించింది వెదురు పొదల అవతల నిలబడి వెళ్లిపోయిన ఆ కుర్రవాడే. మా బృందంలోని ఒకామె ఆ తల్లి పక్కన తెల్లవారేదాకా కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు.

ఉదయానికి బంధువులు బస్సు దిగారు. పెదనాన్నగారు నీళ్లకుండ ఎవరు పడతారని అడిగారు. కొడుకు నెమ్మదిగా, "నాన్నగారు వద్దన్నారు, పెదనాన్నా" అన్నాడు. పెద్దాయన ఏడ్చారు, కోపంతో కాదు, తమ్ముడికి తను చేయగలిగింది ఇంకేమీ లేదని. అప్పుడు తల్లి, తలదగ్గర ఒక దీపం పెట్టుకుంటానంది. కొడుకు మా వైపు చూశాడు. వెళ్లి నూనె తెచ్చింది మేమే. పోయిన మనిషి ఇష్టాన్ని ఆయన దేహం విషయంలో పాటించాం. ఉన్న మనిషి దుఃఖానికి అడ్డుపడలేదు. ఇందులో రాజీ ఉందని తర్వాత బృందంలో ఒకరు అన్నారు. నేను ఇప్పటికీ ఒప్పుకోను.

పాణత్తూరు విద్యుత్ శ్మశానవాటికలో దహనం జరిగింది. పదకొండో రోజున పిండాలకు బదులు సంస్మరణ సభ పెట్టాం. ఆయన దగ్గర చదువుకున్న తొమ్మిది మంది వచ్చారు. ఒకతను తన లెక్కల నోటుబుక్కులో ఆయన ఎర్రసిరాతో రాసిన మాటను చదివి వినిపించాడు. అందరికీ భోజనం పెట్టాం. పెదనాన్నగారు చివరిదాకా కూర్చున్నారు.

ఇక ఆచరణకు కావలసినవి. దేహదానం చేయాలనుకుంటే ముందే వైద్య కళాశాలలో అనాటమీ విభాగం దగ్గర నమోదు చేసుకోండి. కాగితం రాసినంత మాత్రాన పని జరగదు. పోయాక ఫోన్ చేసి అప్పగించవలసింది ఇంట్లోవాళ్లే, కాబట్టి వాళ్ల ఒప్పుదల బతికుండగానే తీసుకోవాలి. పోస్టుమార్టం జరిగిన దేహాన్నీ, కొన్ని అంటువ్యాధులు ఉన్న దేహాన్నీ సాధారణంగా తీసుకోరు. చర్చి కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ఇంకొక చిక్కు ఉంది. సభ్యత్వం వదులుకుంటే సమాధుల తోటలో అమ్మానాన్నల పక్కన చోటు దొరకదేమోనన్న భయం. అది చిన్న భయం కాదు, దాన్ని తేలిగ్గా తీసేయకండి. ఆ ఇంట్లో ఏం కోరుకుంటున్నారో అడిగి, రాసి పెట్టుకోండి. నేత్రనిధి, అనాటమీ విభాగం, అంబులెన్సు, శ్మశానవాటిక నంబర్లు రాసిన ఒక కాగితం ప్రతి సభ్యుడి పర్సులో ఉండాలి.

పిల్లల బడి ఫారంలో మతం గడి ఎలా నింపాలి?

ఖాళీగా వదలవచ్చు, "మతం లేదు" అని రాయవచ్చు. మతం చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టకూడదని బొంబాయి హైకోర్టు 2014లో చెప్పింది. పుట్టుక పత్రంలో కులం లేదు, మతం లేదు అని రాసుకునే వీలు ఇవ్వాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను మతబోధకు, ప్రార్థనకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. షెడ్యూల్డ్ కులాల హోదా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల హిందూ, సిక్కు, బౌద్ధ మతాలతో ముడిపడి ఉంది. ఆ కుటుంబాలవాళ్లు గడిలో ఏం రాయాలన్నది వాళ్ల పిల్లల చదువుకు సంబంధించిన విషయం. "నాస్తికుడివై ఉండి హిందూ అని ఎందుకు రాశావు?" అని అడిగే అర్హత, పోగొట్టుకునేది ఏమీ లేని మనకు లేదు. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివారు దేశంలో దాదాపు 28.7 లక్షలు, జనాభాలో 0.24 శాతం. ఆ సంఖ్య పెరగాలని నాకూ ఉంది, కానీ మరొకరి స్కాలర్‌షిప్ ఖర్చుతో కాదు.

పండగలు చేసుకోవచ్చా?

ఉగాది పచ్చడి తింటాం. సంక్రాంతికి అరిసెలు వండుతాం, ముగ్గులు వేస్తాం. రంజాన్‌కు మా మిత్రుడి ఇంట్లో సేమ్యా పాయసం. పూజ లేకపోతే పండగ లేదని ఎవరో చెబితే మా పిల్లలు నమ్మరు.

బృందంలో గొడవలొచ్చి విడిపోతే?

మా నుంచి ఒకసారి ఆరుగురు విడిపోయి వేరే పెట్టుకున్నారు, రాజకీయాల మీద. ఏ పార్టీ తరఫునా బృందం మాట్లాడకూడదని మేమన్నాం, మాట్లాడాలని వాళ్లన్నారు. ఇప్పుడు రెండు బృందాల వనభోజనాలూ ఒకటే. ఆసుపత్రి పిలుపు వస్తే ఎవరు దగ్గరలో ఉంటే వాళ్లు వెళ్తారు.

రావాలని ఉంది, కానీ మొదటిసారి భయంగా ఉంది.

ఏమీ మాట్లాడనవసరం లేదు. పేరు చెప్పనవసరం లేదు. రెండో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గరికి రండి. అక్కడ ఒక పెద్దావిడ స్టీలు డబ్బాలో చేగోడీలు పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ రాత్రి ఆసుపత్రిలో భర్తను పోగొట్టుకున్న ఆమే. ఇంట్లో ఇప్పటికీ రోజూ దీపం పెట్టుకుంటుంది. సంస్మరణ సభ అయిన మర్నాడు కొడుకును, "మీవాళ్లు మళ్లీ ఎప్పుడు కలుస్తున్నారు?" అని అడిగిందట. అప్పటి నుంచి ఒక్క సమావేశం కూడా మానలేదు. మీరు దూరంగా నిలబడి ఉంటే, మొదట పలకరించేది ఆమే.